ప్రమాదం తర్వాత మొద్దుబారే మనసు: బాధ మళ్లీ తెలియడమే కోలుకోవడానికి తొలి మెట్టు

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ ఉక్కు కర్మాగారంలో 2014 జూన్ 12న విషవాయువు లీకై ఆరుగురు చనిపోయారు. 2018 అక్టోబర్ 9న కోక్ ఓవెన్ల దగ్గర గ్యాస్ పైప్‌లైన్ వద్ద మంటలు చెలరేగి పది మందికి పైగా మరణించారు. ఇలాంటి ఘటనల్లో మృతుల సంఖ్య, పరిహారం, విచారణ వార్తలవుతాయి. బతికి బయటపడినవారి మనసుకు తగిలిన దెబ్బ మాత్రం చర్చకు రాదు.

సోవియట్ సహకారంతో కట్టిన ఈ ప్లాంటులో 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైంది. దాని చుట్టూ సెక్టార్లుగా పెరిగిన టౌన్‌షిప్‌లో తెలుగు కుటుంబాలూ స్థిరపడ్డాయి. ఇలాంటి ఊళ్లో ఉద్యోగం, క్వార్టర్, ఆస్పత్రి అన్నీ ప్లాంటుతోనే ముడిపడి ఉంటాయి. ప్రమాదాన్ని గుర్తుచేసే సైరన్ నుంచి, వాసన నుంచి దూరంగా వెళ్లడం అంత తేలిక కాదు.

మొద్దుబారడం ధైర్యం కాదు

తట్టుకోలేనంత భయం కలిగినప్పుడు మనసు తనను తాను కాపాడుకోవడానికి మొద్దుబారుతుంది. ఏడుపు రాదు, సంతోషమూ తెలియదు. చూసేవాళ్లకు అది గుండె నిబ్బరంలా కనిపిస్తుంది. కానీ లోపల అణచిపెట్టినది పీడకలలుగా, నిద్రలేమిగా, చిన్న మాటకే ఎగిసే కోపంగా బయటపడుతుంది. కొందరు మద్యాన్ని ఆశ్రయిస్తారు. ఈ లక్షణాలు నెల దాటినా తగ్గకపోతే వైద్యులు పీటీఎస్‌డీని అనుమానిస్తారు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1980లో దీన్ని ప్రత్యేక రుగ్మతగా గుర్తించింది.

కొంచెం కొంచెంగా

చికిత్స అంటే జరిగినదాన్ని మరిచిపోవడం కాదు. భరించగలిగినంత మోతాదులో ఆ బాధను అనుభవించి, మళ్లీ స్థిమితపడటం నేర్చుకోవడం. మొదట శరీరాన్ని గమనించడం: ఛాతీ బిగుసుకుంటోందా, చేతులు చల్లబడుతున్నాయా? తర్వాత ఆ భావానికి పేరు పెట్టడం. కోపం అనుకున్నదాని అడుగున ‘ఆ షిఫ్టులో నేను ఉండాల్సింది’ అనే అపరాధ భావం ఉండొచ్చు.

అలాగని అందరినీ కూర్చోబెట్టి వెంటనే అంతా చెప్పించడం సరికాదు. ప్రమాదం జరిగిన కొత్తలో అలాంటి డీబ్రీఫింగ్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది. పీటీఎస్‌డీ ఉన్న పెద్దలకు శిక్షణ పొందిన నిపుణుల వద్ద ట్రామా కేంద్రిత సీబీటీ, ఈఎండీఆర్ వంటి చికిత్సలను సూచించింది.

భయం పూర్తిగా పోనక్కర్లేదు

ఉక్కు కార్మికుడికి భయం అవసరం కూడా. గ్యాస్ అలారం మోగితే పరుగెత్తాల్సిందే. ఇంట్లో కుక్కర్ విజిల్‌కు కూడా గుండె అదే వేగంతో కొట్టుకుంటే, అది పాత గాయం స్పందన. ఈ రెండింటి మధ్య తేడా తెలియడమే కోలుకోవడం.

మరో జాగ్రత్త: రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ పీల్చినవారిలో కొన్ని రోజులు, వారాల తర్వాత కూడా మతిమరుపు, ప్రవర్తనలో మార్పులు రావచ్చు. వాటిని మనోవేదన అని సరిపెట్టుకోకుండా నరాల వైద్యుడికి చూపించాలి.

ఇంట్లోవాళ్లు ‘మరిచిపో, ధైర్యంగా ఉండు’ అనడం కన్నా పక్కన కూర్చుని వినడం మేలు. 2022 అక్టోబర్‌లో మొదలైన కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416లో తెలుగులోనూ ఉచితంగా మాట్లాడొచ్చు. చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే మాత్రం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.