ముండ్ల పీతల వంశము

హంసలదీవికడ కృష్ణానది సముద్రమున గలియును. ఆ సంగమమున మునిగిన కాకులు హంసలైనవని స్థలపురాణము. మాఘపూర్ణిమనాడు అచ్చట స్నానమాడుటకు జనము తండోపతండములుగా వత్తురు. రూపము మారిన కాకి వంశమేమని పండితులు విచారింతురు గాక; ఆ తీరముననే నాకు అట్టి ప్రశ్ననే పుట్టించినది ఒక పీత.

జాలరులు వల దులుపునప్పుడు చేపలతో గూడ ముండ్ల పీతలు పడుచుండును. వానిలో తినదగిన మాంసము స్వల్పము. పైగా ముండ్లు వలకన్నులలో చిక్కుకొనును. కావున ఇసుకపై విసరివైతురు. అట్టిదానినొకదానిని చేత బట్టి చూచితిని. డొప్ప ముందువైపు సన్నగిలి, మొన రెండు కొమ్ములుగా చీలియున్నది. పట్టకారువంటి కాళ్లు ఒక జత, నడచు కాళ్లు నాలుగు జతలు, మొత్తము పది. పొట్టక్రింద మడచియున్న తోక సన్ననిదైన మగది, వెడల్పైన ఆడుది. వీనిలో పెక్కింటి ఒడలిమీద కొక్కెములవంటి వెండ్రుకలుండును. వానికి నాచును, స్పంజిముక్కలను తగిలించుకొని శత్రువుల కన్నుగప్పును.

ఇట్టి కూచిమొనల పీతలనెల్ల ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లత్రెయ్ 1803లో ఒక్క గుంపుగా జేర్చెను. గుంపు పేరు ఆక్సిరింకా. వాడిముక్కు గలవని దాని యర్థము. మన సముద్రములలో వీనిని వెదకినవాడు ఆల్కాక్ అను వైద్యుడు. అతడు 1888 మొదలు ఇన్వెస్టిగేటర్ అను సర్వే ఓడలో ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా నుండి, పిదప కలకత్తా ఇండియన్ మ్యూజియమునకు అధిపతి యయ్యెను. భారతదేశపు పీతలనుగూర్చిన గ్రంథమాలలో తొలిభాగమును 1895లో ఈ గుంపునకే కేటాయించెను. అందు మేయిడే, పార్థెనోపిడే అను రెండు కుటుంబములను జూపెను. మొదటివి సాలీడువలె పొడవుకాళ్లవి. రెండవవి బొడిపెలుగల పెద్ద పట్టుకాళ్లవి.

కాని మూతి పోలిక చుట్టరికమునకు చాలిన సాక్ష్యము కాలేదు. తరువాతివారు గ్రుడ్డునుండి వెలువడిన పిల్లలను పరిశీలించిరి. సాలీడుపీత పిల్ల జోయియా యను ఈదుదశలు రెండే దాటును. పార్థెనోపిడే పిల్లకు అవి అంతకంటె నెక్కువ. సాలీడుపీత ఈడేరిన పిమ్మట మరల కుబుసము విడువదు. ఇట్టి సాక్ష్యములు కూడుకొనగా, 2008లో ప్రకటింపబడిన ప్రపంచ పీతల పట్టికలో ఆ రెండును మేజాయిడియా, పార్థెనోపాయిడియా అను వేర్వేరు మహాకుటుంబములుగా నిలిచినవి. నూరేండ్లకు పైబడి చెల్లిన ఒక గుంపు విడిపోయినది.

ఇందువలన ఆల్కాక్ శ్రమ వ్యర్థమైనదని తలపరాదు. అతడు ఒక్కొక్క ముల్లును గుర్తించి వ్రాసియుంచుటచేతనే, తరువాతివారికి సరిదిద్దుటకు ఆధారము దొరకినది. మన జాలరులు ఇసుకపై విసరివేయు పీతను ఎవరైన చేతికి దీసికొని, దొరకిన చోటును దినమును వ్రాసియుంచినచో, ఆ చరిత్రకు మరియొక పుట చేరును. విసరివేసినదానితో ఆ పుటయు సముద్రము పాలగును.