ఐరోపా తోటల్లో మోల్ నిర్మూలన: ఒక చారిత్రక పరిశీలన

ఐరోపా తోటమాలులను శతాబ్దాలుగా వేధిస్తున్న మోల్ చూపుకు చుంచును పోలి ఉంటుంది. అది ఎలుకల జాతికి గాని, తెలుగునాట పెరళ్లను తవ్విపోసే పందికొక్కుల జాతికి గాని చెందినది కాదు. వానపాములను, పురుగులను తిని బతికే ఈ జంతువు పారల వంటి ముందుకాళ్లతో నేలలో సొరంగాలు తవ్వి, ఆ మట్టిని కుప్పలుగా పైకి నెడుతుంది. దొరికిన వానపాముల తలలు కొరికి, చావనీయకుండా, కదలనీయకుండా నేల లోపలి అరలో నిల్వచేసుకుంటుంది. గింజ ముట్టని ఈ జీవి అలవాట్లు ఏనాడూ మారలేదు గాని, దాని మీద మోపిన నేరం కాలానికొక తీరున మారింది; నేరాన్ని బట్టి ఆయుధమూ మారింది.

రోమన్ వ్యవసాయ గ్రంథకర్త పల్లాడియస్ ఆర్టిచోక్ అనే ముళ్లజాతి కూరమొక్కల మడుల్లో మోల్‌లను అదుపుచేయడానికి పిల్లులను తిరగనివ్వాలని, మచ్చిక చేసిన వీజిల్ అనే చిన్న వేట జంతువులను పెంచేవారు కూడా ఉన్నారని రాశాడు. ఇంగ్లండులో మొదటి ఎలిజబెత్ కాలాన 1566లో వచ్చిన ధాన్య పరిరక్షణ చట్టం కాకులతో పాటు మోల్‌ను కూడా పంట శత్రువుల జాబితాలో చేర్చి, ఒక్కో తలకు అర పెన్నీ చొప్పున బహుమతి నిర్ణయించింది. పారిష్ (ఒక చర్చి కింద ఉండే గ్రామ పరిధి) ఖర్చులు చూసే పెద్దలే ఈ సొమ్ము చెల్లించేవారు. సొరంగం పైనున్న మొక్కల వేళ్లు లేచి ఎండిపోవడం నిజమే అయినా, ధాన్యం తినని జంతువును ధాన్యపు దొంగల సరసన నిలబెట్టడంలో విచారణ కన్నా కోపమే ఎక్కువ కనిపిస్తుంది.

మోల్‌ను చంపడమే కాక, దాని నడకను చదవడం కూడా విద్యగా మారింది ఫ్రాన్సులో. అక్కడ పేరుమోసిన మోల్ పట్టరి హెన్రీ లెకూర్ అనుభవాన్ని ఆధారం చేసుకుని కాదె ద వో అనే రచయిత 1803లో ఒక గ్రంథమే ప్రచురించాడు. జంతుశాస్త్రజ్ఞుడు జెఫ్రాయ్ సెంతిలేర్ సమక్షంలో లెకూర్ చేసిన పరీక్ష ప్రసిద్ధమైనది: సొరంగం పొడవునా గడ్డిపుల్లలు దిగగుచ్చి, ఒక్కోదాని కొసన చిన్న కాగితపు జెండా కట్టి, ఒక చివర నుంచి బాకా ఊదితే, బెదిరి పరుగెత్తిన మోల్ తగిలిన పుల్లల మీది జెండాలు వరసగా ఊగుతూ పోయాయి, ఆ వేగం దుడుకు నడకన పోయే గుర్రానికి తీసిపోలేదని చూసినవారు తేల్చారు. రోజూ రాకపోకలు సాగే పెద్ద సొరంగాన్ని గుర్తించి, అక్కడే ఉచ్చు పెట్టి, లోపలికి వెలుగు చొరకుండా మట్టి కప్పడమే నేటికీ ఈ వృత్తి ప్రాణం. మొదట చెక్క గొట్టం, వంచిన బెత్తం, గుర్రపు వెంట్రుకల ఉరి. తరువాత కత్తెర ఆకారపు ఇనుప బోను.

సొరంగంలో ముందుకూ వెనక్కూ తేలికగా జరగడానికి వీలుగా మోల్ బొచ్చు ఎటు నిమిరితే అటు వాలుతుంది. ఈ మెత్తదనం వల్లనే ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో దాని తోలు కోట్లు ఫ్యాషన్ అయ్యాయి; సీసపు గొట్టాల అతుకులు తుడవడానికి ప్లంబర్లు కూడా దాన్నే వాడేవారు. పట్టరికి చర్మం మీది ధర బహుమతిని మించిపోయింది.

అంతకు ముందే 1830లో గ్లోస్టర్‌షైర్‌కు చెందిన ఎడ్విన్ బడింగ్ పచ్చిక కోసే యంత్రాన్ని కనిపెట్టడంతో, అప్పటిదాకా కొడవళ్లతో పనివాళ్లు కోస్తే తప్ప సాధ్యం కాని నున్నటి పచ్చిక మధ్యతరగతి ఇళ్ల ముంగిళ్లకు చేరింది. అక్కడ మోల్ చేసిన తప్పు కంటికి ఇంపు కాకపోవడమే. పొలాల్లో మాత్రం గట్టి కారణమే మిగిలింది: కుప్పల మట్టి పాతరగడ్డిలో కలిస్తే గొర్రెలకు లిస్టీరియా జబ్బు సోకుతుంది. మోల్‌లను చంపడానికి వాడిన స్ట్రిక్నిన్ విషం మన అడవుల్లోని ముషిణి గింజల్లోనూ ఉండేదే. 1818లో పెల్తియే, కావంతూ అనే ఫ్రెంచి రసాయనజ్ఞులు దాన్ని వేరుచేశారు. వానపాములకు పట్టించి సొరంగంలో వదిలే ఈ మందు నరాలను బిగదీసి, కొంకర్లతో చంపుతుంది. క్రూరమైన విషాలపై బ్రిటన్ 1962లో తెచ్చిన చట్టం కింద ఇతర జంతువులపై దాని వాడకం ఆగినా మోల్‌కు మినహాయింపు కొనసాగి, 2006లో గాని ఆగలేదు. ఆ తరువాత పాత బోను పట్టరులకు మళ్లీ గిరాకీ వచ్చింది.

జర్మనీలో మోల్ రక్షిత జంతువు; అనుమతి లేకుండా పట్టడం, చంపడం నేరం గనుక ఇంటివాళ్లకు తరిమే ఉపాయాలే మిగిలాయి. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 2000లో ప్రజలు ఓటు వేసి, శరీరాన్ని బిగించి పట్టే బోనులను నిషేధించినప్పుడు మోల్ బోనులు కూడా అందులో పడ్డాయి. నేలలో గుచ్చే శబ్ద పరికరాలు, కలరా ఉండలు పెద్దగా ఫలించలేదు గాని, సబ్బునీటిలో గిలకొట్టి చల్లే ఆముదానికి కొంత పేరుంది. ఆముదం పనిచేసిన చోట కూడా మోల్ చావదు. ఆ వాసన, రుచి సరిపడక పక్కింటి పచ్చికలోకి సొరంగం మళ్లించుకుంటుంది.