ఐరోపా బహుజాతి జానపద సంగీత బృందాలు: చరిత్ర, సంచార జీవనం

వేర్వేరు దేశాల జానపద వాద్యకారులు ఒకే మేళంగా కూడి, ఒకరి ప్రాంతపు బాణీలు మరొకరు నేర్చుకుని, దేశదేశాలూ తిరిగి కచేరీలు చేసే పద్ధతి ఐరోపాలో 20వ శతాబ్దం చివరి పాతికేళ్లలో స్థిరపడింది. ఈ బృందాల గురించి రాసేవాళ్లు సాధారణంగా వేదిక మీద కనిపించే కలయికనే మెచ్చుకుంటారు. చరిత్రను కాస్త దగ్గరగా చూస్తే మాత్రం ఆ కలయిక ఆఖరి మెట్టని తేలుతుంది. ఒక్కో వాద్యకారుడు పరాయి నేల మీద, అక్కడివాళ్ల పక్కన కూర్చుని, చెవితో నేర్చుకున్న కాలమే ఈ బృందాలకు పునాది. ఆ సాధన ఉన్నచోట సంగీతం నిలిచింది. లేనిచోట అది రెండు దేశాల రంగుబట్టల ప్రదర్శనగా మిగిలింది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత తూర్పు ఐరోపాలో జానపద సంగీతానికి ప్రభుత్వాలే పోషకులు. మాస్కోలో 1937లో మొదలైన మొయిసేయెవ్ నాట్య బృందం అప్పటికే దారి వేసింది. బల్గేరియాలో ఫిలిప్ కుతెవ్ 1951లో స్థాపించిన బృందం ఆ దారిలోనే పల్లె గాయకులను రాజధానికి తెచ్చి, జీతమిచ్చి, వాళ్ల పాటలకు బహుస్వర కూర్పులు చేసింది. కుతెవ్ బృందం లాంటివి ప్రపంచమంతా తిరిగినా, వేదిక మీద వినిపించాల్సింది ఒక్క జాతి గొంతే. దీనికి ఎదురుగా 1972లో బుడాపెస్ట్‌లో తాంత్స్‌హాజ్ అనే నాట్యశాల ఉద్యమం పుట్టింది. ఫెరెన్త్స్ షెబో, బేలా హాల్మోష్ లాంటి యువకులు సరిహద్దు దాటి రొమేనియాలోని ట్రాన్సిల్వేనియా పల్లెలకు వెళ్లి, అక్కడి వాద్యకారుల విల్లు నడకను నేరుగా పట్టుకున్నారు. కూర్పుకర్త రాసిచ్చిన కాగితం స్థానంలో పల్లె గురువు వచ్చి కూర్చున్నాడు. తర్వాతి బహుజాతి బృందాలకు ఇంతకన్నా మంచి మార్గం మరొకటి దొరకలేదు.

ఇదే పని ఐర్లండ్ వైపు నుంచి చేసినవాడు ఆండీ అర్విన్. లండన్‌లో పుట్టి ఐరిష్ సంగీతంలో స్థిరపడిన ఈ గాయకుడు 1968లో బాల్కన్ దేశాలకు వెళ్లి, బల్గేరియా, యుగోస్లావియా, రొమేనియాల్లో తిరిగి, అక్కడి విషమ తాళాలను వంటబట్టించుకున్నాడు. రీల్ అనే ఐరిష్ నాట్య బాణీ సమగతిలో నడుస్తుంది. రాచెనిత్సా అనే బల్గేరియా నాట్య బాణీలో 7 మాత్రలుంటాయి, వాటి విభజన 2+2+3. మిశ్రచాపు విన్న తెలుగు చెవికి ఏడు మాత్రలు కొత్త కాదు. అయితే ఇక్కడ పొడుగు భాగం చివర వస్తుంది, వేగమూ చాలా ఎక్కువ. ఏడు అంకెలూ లెక్కపెట్టుకుంటూ వాయించేవాడి చేతిలో ఈ బాణీ బిగుసుకుపోతుంది. అక్కడి నాట్యకారుడికి అందులో ఉన్నవి మూడే అడుగులు, రెండు పొట్టివి, ఒకటి పొడుగు. ఆ మూడో అడుగు ఎంత సాగుతుందో స్వరలిపి చెప్పలేదు, ఆడేవాళ్ల కాళ్లు చూసి తెలుసుకోవాల్సిందే. అర్విన్ సభ్యుడిగా 1972లో ఏర్పడిన ప్లాంక్స్టీ బృందం, 1979 నాటి ఆల్బమ్‌లో బల్గేరియా నాట్య బాణీని ఐరిష్ పాటల పక్కన నిలబెట్టింది. ఆయన బాల్కన్ ప్రయాణానికీ ఈ ఆల్బమ్‌కీ మధ్య పదేళ్లకు పైగా గడిచాయి. 1992లో అర్విన్, పైప్స్ వాద్యకారుడు డేవీ స్పిలేన్ చేసిన ‘ఈస్ట్ విండ్’ ఆల్బమ్‌లో వాద్యకారుడు నికొలా పరోవ్, హంగరీ గాయని మార్తా షెబెష్త్యేన్ పాలుపంచుకున్నారు. దాని నిర్మాత బిల్ వీలన్ 1994లో ‘రివర్‌డాన్స్’ అనే ఐరిష్ నాట్య ప్రదర్శనకు సంగీతం కూర్చాడు.

2002లో అర్విన్ పూనికతో ఏర్పడిన మొజైక్ ఈ తరహాకు నిండైన నమూనా. ఐర్లండ్ నుంచి డోనల్ లన్నీ, బల్గేరియాలో పుట్టి బుడాపెస్ట్‌లో స్థిరపడిన పరోవ్, నెదర్లాండ్స్ నుంచి రెన్స్ వాన్ డెర్ జాల్మ్, అమెరికా నుంచి ఫిడేలు వాద్యకారుడు బ్రూస్ మొల్స్కీ అందులో కలిశారు. ఒక ఊరివాళ్లు కారు కనుక వారం వారం సాధన కుదరదు. పర్యటనకు ముందు దొరికే కొద్ది రోజుల్లోనే అన్నీ సర్దుకోవాలి. ఇలాంటి బృందాల్లో వాద్యాలు కూడా సులువుగా లొంగవు. ఫిడేలు తీగను వేలితో పలక మీదికి అదుముతారు. బల్గేరియా గదుల్కా తీగ మెడకు తగలదు, దాన్ని వేలి కొసతోనో గోటితోనో తాకుతారు. రెండూ విల్లు వాద్యాలే అయినా ఒకదాని జారుడు మరొకదానిపై పలకదు. ఐరిష్ పైప్స్ రెల్లు పీకలు గాలిలో తేమ మారితే శ్రుతి తప్పుతాయి, కాబట్టి సముద్రతీరపు ఊరి నుంచి పొడి గాలి ఊరికి వెళ్లిన రోజున మిగతావాళ్లంతా పైప్స్‌కు లోబడి శ్రుతి చేసుకోవాలి. కచేరీ గంటన్నరే, దాని చుట్టూ ప్రయాణం, సామాను మోత, ధ్వని పరీక్ష రోజంతా తినేస్తాయి. సరిహద్దుల చిక్కు వేరే. నూకమాను జాతి కలపతో చేసిన వాద్యాలు 2017 జనవరిలో అంతర్జాతీయ వన్యజాతుల ఒప్పందం అనుమతుల కిందికి వచ్చాయి. తయారైన వాద్యాలకు 2019 నవంబరులో మినహాయింపు దొరికింది. బ్రిటిష్ వాద్యకారులు 2021 నుంచి షెంగెన్ ప్రాంతంలో వీసా లేకుండా 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండటానికి వీల్లేదు. నెమ్మదిగా నేర్చుకోవడం మీద బతికే కళకు ఈ ఆంక్ష పెద్ద దెబ్బ.

ఇలాంటి కలగలుపు వల్ల స్థానిక సంప్రదాయం పలచబడుతుందన్న అభ్యంతరం పాతది. అందులో భయం న్యాయమైనదే గానీ, అది ఊహించుకునే స్వచ్ఛమైన గతం ఎన్నడూ లేదు. అకార్డియన్‌కు వియన్నాలో 1829లో పేటెంట్ తీసుకున్నారు, ఇప్పుడది అనేక దేశాల పల్లె సంగీతానికి ప్రాణం. గ్రీకుల తీగ వాద్యం బుజూకీని 1960ల మధ్యలో ఐరిష్ వాద్యకారుడు జానీ మొయ్నిహన్ ఐరిష్ పాటల్లోకి తెచ్చాడు. లన్నీ లాంటివాళ్లు దాన్ని తమ చేతికి తగ్గట్టు మలిచాక ఇవాళ అది ఐరిష్ వాద్యమే. హంగరీ, రొమేనియాల్లో ఊరి పెళ్లిళ్లకు వాయించిన రోమా కళాకారులు ఏ ఇంటివాళ్లు పిలిస్తే ఆ జాతి బాణీ వినిపించారు. ఇంతకన్నా బలమైన అభ్యంతరం ఇంకొకటుంది: నాట్యం కోసం పుట్టిన బాణీని కుర్చీల్లో కూర్చున్న జనానికి వినిపిస్తే దాని ఆయువు సగం పోతుంది. ఇది నిజం. అడుగులు చూడని శ్రోత ముందు వేగం పెంచి చప్పట్లు కొట్టించుకోవాలన్న ఆకర్షణకు మంచి వాద్యకారులూ లొంగారు. పరిహారం కూడా ఈ చరిత్రలోనే ఉంది. తాంత్స్‌హాజ్‌లో నాట్యం, వాద్యం ఒకే గదిలో నేర్పుతారు. ఆ పద్ధతిని 2011లో యునెస్కో ఆదర్శ సంరక్షణ విధానాల జాబితాలో చేర్చింది.

స్వీడన్‌లో 1990లో మొదలైన ఎత్నో శిబిరాలు ఈ సంచార జీవితానికి తొలి బడి అయ్యాయి. అక్కడ ఒక్కో దేశపు యువతీయువకులు తమ ఊరి బాణీ ఒకటి స్వరలిపి లేకుండా మిగతావాళ్లకు నేర్పి, చివర్న అందరూ కలిసి కచేరీ చేస్తారు. కొద్ది రోజుల శిబిరంలో రాచెనిత్సా నడక కాళ్లకు పట్టదు. తనకు పుట్టుకతో వచ్చిన బాణీని పరాయివాడికి విడమరిచి చెప్పడం మాత్రం అక్కడ అలవడుతుంది. సాధనకు కొద్ది రోజులే దొరికే సంచార బృందంలో మొదట అక్కరకొచ్చే నేర్పు అదే.