కట్ట మైసమ్మ, మన చెరువు



పోయిన వారం ఇంటి కూడికలో ఒక అవ్వ అడిగిన మాట నా మనసులోంచి పోవడం లేదు. "అయ్యగారూ, మైసమ్మకు భయపడొద్దని మీరే చెప్పిన్రు. భయం పోయింది. చెరువు గూడ పోయింది గదా?"

కట్ట మైసమ్మ అంటే మీ అందరికీ తెలుసు. చెరువు కట్ట మీద పసుపు పూసిన రాయి, పక్కన వేపచెట్టు. రోగాలకు పోచమ్మ, నీళ్లకు మైసమ్మ. చెరువు నిండి మత్తడి దుంకితే యాటను కోసేవారు. తెలుగు పల్లెల్లో చెరువుల మీద చెప్పుకునే కథ ఒకటుంది. వానరాత్రి కట్ట మీదికి పోయిన నీరడికి దేవత కనబడి, కట్ట తెంచుకుని పోతానంటుంది. "ఊళ్లో చెప్పి వచ్చేదాక ఆగు తల్లీ" అని ఆమె దగ్గర మాట తీసుకుంటాడు. సంగతి విన్న దొర నీరడి తల తీయిస్తాడు. అతను తిరిగి రాడు, ఆమె కట్ట దాటదు. ఈ కథ విన్నప్పుడల్లా నాకు దేవత కన్నా ఆ నీరడే గుర్తుంటాడు. తూము తెరిచి ఊరందరికీ నీళ్లు పంచే పేదవాడు!

మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ 1916లో దక్షిణ భారత గ్రామదేవతల మీద పుస్తకం అచ్చువేసి, తెలుగు పల్లెల బలులను అందులో వివరంగా రాశారు. దున్నపోతు బలి రాత్రి నెత్తుటి అన్నం గంప నెత్తిన పెట్టుకుని పొలిమేర చుట్టూ పొలి చల్లే పని మాల మాదిగలదే, అంటే మన తాతలదే. ఆ గంప దించింది సువార్త. 1924 క్రిస్మస్ నాడు పోస్నెట్ దొరగారి మెదక్ చర్చి ప్రతిష్ఠ జరిగేనాటికే ఎన్నో కుటుంబాలు దాన్ని దించేశాయి. దీని గురించి నాకు రెండో మాట లేదు.

కానీ రాయి ఉత్త రాయే అని చెప్పినవాళ్లం, చెరువు ఎవరిదో చెప్పలేదు. తోటను సేద్యపరచి కాయమని ఆదికాండము 2:15లో ఉంది. దాని మీద నేను ఎన్ని ప్రసంగాలు చేశాను? ఒక్కటీ లేదు.

పటాన్‌చెరు పేరులోనే చెరువుంది. ఇక్కడి ఫ్యాక్టరీల కలుషిత నీటి మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. 2007లో స్వీడన్ పరిశోధకులు, మందుల కంపెనీల నీటిని శుద్ధిచేసి వదిలేచోట సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రకటించారు. జ్వరమొస్తే మనం మింగే మందే అది.

మైసమ్మకు మొక్కేవాళ్లు మాత్రం కాపాడారా? రాయి ఉన్నచోట సిమెంటు గుడి లేచింది, మైకు వచ్చింది, కింద నీళ్ల మీద నురగ అట్లాగే ఉంది. అవ్వకు ఇదే చెప్పాను.

ఆమె ఊరుకోలేదు. "వాళ్ల సంగతి వాళ్లది. మనమేం జేసినం అయ్యగారూ?"

ప్రార్థన చేసి ఇంటికి వచ్చేశాను.