ఖాతిల్ బయటినుంచి రాలేదు

ప్రొద్దుటూరైనా జమ్మలమడుగైనా పులివెందులైనా, పొట్టేలు కోసే అంగడిలో భేజా ఎక్కువసేపు మిగలదు. 1996లో ఇంగ్లండ్ పిచ్చి ఆవుల జబ్బు మనుషులకూ వచ్చిందన్న ఖబర్ పాకినప్పటి నుంచి మాత్రం ఒక సవాల్ వినిపిస్తానే ఉంది: "భేజా తింటే దిమాగ్ ఖరాబ్ అవుతుందంట గదా?" జవాబు కోసం గొర్రెల చరిత్రలోకే పోవాల.

యూరప్ కాపరులకు స్క్రేపీ అనే బీమారీ 18వ శతాబ్దం నుంచే తెలుసు. గొర్రె ఒళ్ళు కంచెకేసి రుద్దుకుంటాది, ఉన్ని రాలుతుంది, తూలి తూలి చస్తుంది. 1936లో ఫ్రాన్స్‌లో క్యుయే, షెల్ అనే ఇద్దరు అలా చచ్చిన గొర్రె నరాల కణజాలాన్ని మంచి గొర్రెలకు ఎక్కించి, ఏడాదికి పైగా సబర్‌తో కాచుకున్నారు. వాటికీ వచ్చింది. అంటుతుందని సాబిత్ అయింది, అంటించేదేందో దొరకలేదు.

అదే కాలంలో ఎవరూ పోల్చని ఇంకో జబ్బు న్యూగినీలో ఉండేది. ఫోరే ప్రజల్లో చనిపోయిన బంధువును తినే రివాజ్ ఉండేది. వాళ్ళలో, ముఖ్యంగా ఆడవాళ్ళు, పిల్లలు, 'కురు'తో వణికి చనిపోయేవాళ్ళు. 1959లో విలియం హాడ్లో అనే పశువుల డాక్టరు లండన్‌లో కురు మెదడు ఫొటోలు చూసి ఉలిక్కిపడ్డాడు. స్పాంజిలా అవే తూట్లు! లాన్సెట్ పత్రికకు ఉత్తరం రాశాడు. మనుషుల డాక్టర్లకు తట్టనిది గొర్రెల డాక్టరుకు తట్టింది, నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన మాట ఇదే. 1966లో గజ్దుసెక్ బృందం కురును చింపాంజీలకు అంటించి చూపింది.

ఆ ఖాతిల్ వైరస్ అయితే రేడియేషన్‌కు చావాల. టిక్వా ఆల్పర్ ప్రయోగాల్లో చావలేదు. 1982లో స్టాన్లీ ప్రూసినర్ అది ప్రొటీనే అని, ప్రియాన్ అని పేరు పెట్టాడు. చాలామంది నమ్మలేదు. మన మెదడులోనే ఉండే ప్రొటీన్ అది. ప్రొద్దుటూరు బట్టల అంగడిలో థాను అదే, మడత మారింది, అంతే. తప్పు మడత పడ్డది పక్కదాన్నీ తనలా మడుస్తుంది. గొలుసు పెరిగి విరిగితే, ప్రతి ముక్కా కొత్త విత్తనం. 1993లో ఆ ప్రొటీన్ జన్యువు తీసేసిన ఎలుకలకు జబ్బే రాలేదు. 2001లో క్లాడియో సోటో గొట్టంలోనే ధ్వని తరంగాలతో గొలుసుల్ని తుంచి, తప్పు మడతల్ని పెంచి చూపాడు.

భేజా సంగతి: స్క్రేపీ గొర్రెను తిన్న మనిషికి జబ్బు అంటినట్టు రుజువు లేదు. మనుషుల్లో వచ్చే క్రాయిట్స్‌ఫెల్ట్-యాకోబ్ జబ్బు ఎక్కువగా దానంతట అదే పుడుతుంది, ఏటా పది లక్షల మందిలో ఒకరిద్దరికి.

దాన్ని తప్పనిసరిగా ఖరారు చేయాలంటే మెదడు ముక్క కావాల. బెంగుళూరు నిమ్హాన్స్‌లో 1971 నుంచి కేసుల లెక్క ఉంది, 1995లో మెదళ్ళ భాండారం మొదలైంది. దాన్ని నిలబెట్టింది సుసర్ల కృష్ణ శంకర్. అక్కడ మయ్యత్ దగ్గర కూర్చున్నవాళ్ళను పోస్ట్‌మార్టానికి ఒప్పించడమంటే మాటలు కాదు. దఫన్ అయినా దహనం అయినా తొందరే. ఇప్పుడు వెన్నునీటితో బతికుండగానే ప్రియాన్ జాడ కనిపెట్టే పరీక్ష వచ్చింది. ఇలాజ్ ఇంకా రాలేదు.