కంథకుని అపరాధం

ఎచ్చెర్ల నుండి జాతీయ రహదారి మీద శ్రీకాకుళం చేరి, నాగావళిని దాటితే అరసవల్లి. అక్కడ ప్రత్యక్షనారాయణుని రథానికి ఏడు గుర్రాలు. ఇంకా ముందుకు, సముద్రం దిక్కుగా సాగితే వంశధార దక్షిణతీరాన శాలిహుండం కొండ. అక్కడ ఇటుక స్తూపాలు, చైత్యాలు, నది మీదుగా వచ్చే గాలి. 1919లో ఈ బౌద్ధక్షేత్రాన్ని లోకానికి ఎరుకపరచినవారు గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. వ్యావహారికభాషకు జీవితాన్ని ధారపోసిన ఆ మహనీయుని కొండను గూర్చి ఇంత సంస్కృతం కలిపి వ్రాయడం కొంత అపచారమే. ఆయన క్షమించుగాక.

శాలిహుండంలో లభించిన విగ్రహాలలో మారీచీదేవి ఒకతె. ఆమె కూడా ఉదయకాంతికి అధిదేవతయే. అయితే శిల్పశాస్త్రం ఆమె రథానికి కట్టినవి గుర్రాలు కావు, ఏడు వరాహాలు. అరసవల్లిలో సప్తాశ్వాలకు నమస్కరించి, అదే పూట ఈ కొండ ఎక్కినప్పుడు నా మనస్సులో మెదలినది మాత్రం దేవతావాహనం కాదు. ఒక మానవుణ్ణి ఒక రాత్రి మోసి, ఆ కారణంగానే నిందను కూడా మోసిన గుర్రం. దాని పేరు కంథకం.

సిద్ధార్థుడు ఇల్లు విడిచిన రాత్రిని మన ఆంధ్రశిల్పులు ఎంతో ప్రేమతో చెక్కారు. అమరావతి సున్నపురాతి ఫలకాలలో నగరద్వారం నుండి గుర్రం వెలువడుతూ ఉంటుంది. డెక్కల చప్పుడు నగరాన్ని మేల్కొల్పకుండా యక్షులు వాటిని అరచేతులతో పట్టి మోస్తూ ఉంటారు. అంతకు పూర్వపు సాంచీ తోరణం మీద గుర్రం ఉంటుంది, దానిపై ఛత్రం ఉంటుంది, రౌతు మాత్రం కనబడడు. భగవానుని రూపాన్ని చూపకూడదన్న నియమం ఉన్న కాలమది. తత్ఫలితంగా ఆ మహాభినిష్క్రమణ ఘట్టమంతటిలో మన కంటికి ఆనేది గుర్రమే.

ఈ గుర్రం కథను సంపూర్ణంగా చెప్పినవాడు అశ్వఘోషుడు. ఆయన పేరులోనే గుర్రపు సకిలింపు ఉన్నది. బుద్ధచరితంలో కంథకం అంతఃపుర విలాసాలకు పెంచిన గుర్రం కాదు, శుద్ధోదనుని యుద్ధాశ్వం. నీ వీపు మీద కూర్చుండియే మా తండ్రి శత్రువులను ఎన్నోమార్లు జయించాడట, నాకు కూడా నీవు అట్లే తోడ్పడవలెనని ఆ అర్ధరాత్రి సిద్ధార్థుడు దానిని ప్రార్థిస్తాడు. తెల్లవారుసరికి భార్గవుని ఆశ్రమప్రాంతాన్ని చేరుతారు. అక్కడ దిగి, ఆభరణాలను ఛందకుని చేతికిచ్చి, తండ్రికి చెప్పవలసిన మాటలు చెప్పి, ఇక వెళ్ళుమంటాడు. ఆ సమయంలో కంథకం మోకరిల్లి నాలుకతో ఆయన పాదాలను నాకింది, వేడి కన్నీరు కార్చింది. సిద్ధార్థుడు తన చేతితో దానిని నిమిరి, కంటనీరు పెట్టవద్దని, ఉత్తమాశ్వధర్మాన్ని చూపినావని, నీ శ్రమ త్వరలోనే ఫలిస్తుందని స్నేహితునితో పలికినట్లు పలికాడు.

సన్న్యసించేవాడు సర్వభూతాలకు అభయం ఇవ్వవలెనని మన ధర్మశాస్త్రం. సర్వభూతాలు అన్నప్పుడు మన ఊహ అడవులకు, ఆకాశానికి వ్యాపిస్తుంది. కాని ఆ ఉదయాన సిద్ధార్థుని ఎదుట నిలిచి ఉన్న భూతం ఒక్కటే. అది అలసిన గుర్రం. విశ్వాన్ని ఉద్ధరించడానికి వెళ్ళేవాడు మొదట దానికి సమాధానం చెప్పవలసి వచ్చింది, చెప్పాడు. అది చాలునా అన్న ప్రశ్న నన్ను చిరకాలం వేధించింది. కవి దానికి జవాబు చెప్పలేదు. ఆ గుర్రం ఇంటికి తిరిగివచ్చిన తరువాత ఏమి జరిగినదో మాత్రం చెప్పాడు.

పోయేటప్పుడు ఒక్క రాత్రిలో దాటిన దారి, వచ్చేటప్పుడు ఎనిమిది దినాలు పట్టింది. కంథకం మాటిమాటికి తపోవనం దిక్కుకు తిరిగి దీనంగా సకిలించింది. ఆకలిదప్పులున్నా దారిలోని పచ్చికను గాని నీటిని గాని మునుపటివలె ఆదరించలేదు. కపిలవస్తువులో గుర్రం వచ్చినదని విని స్త్రీలు రాకుమారుడే వచ్చాడని గవాక్షాలకు పరుగెత్తారు. శూన్యమైన వీపును చూచి గవాక్షాలు మూసి ఏడ్చారు.

తరువాత యశోధర. ఆమె మొదట ఛందకుణ్ణి నిందించింది. పిమ్మట గుర్రం వైపు తిరిగింది. ఇది ఎన్నడూ నా కీడు కోరినదే అన్నది. జనమంతా నిద్రించినవేళ రత్నచోరుని వలె నా సర్వస్వాన్ని ఎత్తుకుపోయినదన్నది. యుద్ధంలో బాణాలను ఓర్చుకొనగల గుర్రం కొరడాకు భయపడి వెళ్ళినదంటే ఎట్లు నమ్మడం అని అడిగింది. ఇప్పుడు రాజగృహమంతా నిండేటట్లు సకిలిస్తున్నదే, నా ప్రియుణ్ణి మోసుకొనిపోయిననాడు ఈ నీచజంతువు మూగదైపోయినదేమి? అప్పుడు ఒక్కసారి సకిలించినా, డెక్కల చప్పుడైనా చేసినా, నాకీ దుఃఖం ఉండేది కాదు గదా అన్నది.

చిన్ననాట ఈ ఘట్టం మొదట చదివినప్పుడు నేను యశోధర కోసమే దుఃఖించాను. ఎదుట నిలిచి ఆ మాటలు వింటున్న ప్రాణిని చూడనేలేదు. ఏ కర్మకు సిద్ధార్థుడు ఆశ్రమద్వారాన దానిని మెచ్చుకొన్నాడో, ఆ కర్మకే అంతఃపురంలో దానికి దొంగ అని పేరు వచ్చింది. శుద్ధోదనుడు కూడా విడువలేదు. సమరంలో నాకెన్నో ప్రియాలు చేసి, చివరకు ఇంత అప్రియం చేశావే, నన్నైనా ఆతని వద్దకు తీసుకొనిపో, లేదా నీవే వెళ్ళి ఆతనిని తీసుకొనిరా అని గుర్రంతో మొరపెట్టుకొన్నాడు.

యశోధరది క్రౌర్యం కాదు. వెళ్ళినవానిని నిందించడానికి ఆమెకు ప్రేమ అడ్డువచ్చింది, వానిని ప్రేరేపించిన దైవం కంటికి కనబడలేదు. అందుబాటులో మిగిలినది బదులు చెప్పలేని జంతువు. మన ఇళ్ళలో కోపం ఎప్పుడూ బలహీనుని వైపే ప్రవహించినట్లు, ఆ దుఃఖం కూడా పల్లానికే పారింది. అశ్వఘోషుని గొప్పతనం ఏమంటే, అక్కడ గుర్రానికి ఒక వకీలును నిలబెట్టడం. ఛందకుడు చేతులు జోడించి కంథకాన్ని నిందించవద్దన్నాడు. మా ఇద్దరిదీ తప్పు లేదు, దాని డెక్కలను ఎవరో పైకెత్తి పట్టినట్లు అవి నేల తాకలేదు, ద్వారాలు తామే తెరుచుకొన్నాయి, ఇది దైవకృత్యమని విన్నవించాడు. తనతోబాటు మూగజీవికి కూడా నిర్దోషిత్వాన్ని అర్థించిన సేవకుడు మన వాఙ్మయంలో మరెక్కడ ఉన్నాడో నాకు తెలియదు.

పాలి సంప్రదాయంలో కథ వేరు. నిదానకథలో కంథకం తిరిగి ఇల్లు చేరనే లేదు. అనోమానదీతీరాన స్వామి కనుమరుగు కాగానే గుండె పగిలి మరణించి, దేవలోకంలో జన్మించింది. భక్తులకు ఈ ముగింపు హృద్యంగా ఉంటుంది. నాకు మాత్రం అశ్వఘోషుని ముగింపే సత్యానికి దగ్గరగా తోస్తుంది. విశ్వాసపాత్రుడైన సేవకుడు చాలాసార్లు మరణించడు, ఇంటికి తిరిగివచ్చి మాటలు పడుతాడు.

ఆ నిదానకథలోనే మరొక చిన్న చిత్రం ఉన్నది. గుర్రం సాగుతుంటే ఛందకుడు దాని తోకను పట్టుకొని వెంట వెళ్ళాడట. ఆ తోక నాకు చరిత్రలోని మరొక తోకను జ్ఞప్తికి తెస్తుంది. సుమారు 1535 ప్రాంతంలో విజయనగరంలో ఉన్న పోర్చుగీసు వాడు ఫెర్నావో నూనిజ్ ఒక విషయం వ్రాశాడు. సాళువ నరసింహరాయలు హొర్ముజు నుండి వచ్చే గుర్రాలను వెయ్యి పర్దావులకు మూడు చొప్పున, బ్రతికినవైనా చచ్చినవైనా కొనేవాడట. సముద్రం మీద చచ్చినవాటి తోకలు తెచ్చి చూపితే చాలు, బ్రతికిన గుర్రానికి ఇచ్చే వెలయే ఇచ్చేవాడట. ఇది దుర్మార్గం అనడానికి లేదు. సముద్రనష్టాన్ని రాజు భరించకుంటే వర్తకులు మరొక రేవుకు పోతారు, శత్రువుల అశ్వసేన పెరుగుతుంది. రాజనీతిగా చూస్తే ఇది దూరదృష్టి. అయినప్పటికీ, నావ అడుగున చీకటిలో దాహంతో చచ్చిన ఒక ప్రాణి, వెల రాబట్టుకొనే రసీదుగా మారడం చదివినప్పుడు చేయి ఆగిపోతుంది.

ఇంత వెల పెట్టి కొనడానికి కారణం మన నేలయే. ఉష్ణంతో, తేమతో నిండిన ఈ తూర్పుతీరం గుర్రానికి పుట్టినిల్లు కాదు. కౌటిల్యుడు కాంభోజ, సైంధవ, ఆరట్ట, వనాయుజ జాతులను ఉత్తమాశ్వాలన్నాడు. కళింగాన్ని మెచ్చుకొన్నది ఏనుగుల కొరకు. ఇక్కడి ప్రభువులు గజపతులైనది ఊరకే కాదు. 13వ శతాబ్ది చివర దక్షిణతీరాన్ని చూచిన మార్కో పోలో, మాబారులో రాజులు ఏటా రెండు వేలకు పైగా గుర్రాలు కొంటే ఏడాది చివరకు నూరు కూడా మిగలవని, వీరికి గుర్రాన్ని సాకడం తెలియదని, అన్నం, మాంసం వండి పెడతారని ఎగతాళి చేశాడు. పూర్తిగా న్యాయమైన ఎగతాళి కాదు. అర్థశాస్త్రంలో ఉత్తమాశ్వపు దాణాలో వరి, యవలు సగం ఎండినవో సగం ఉడికినవో కావచ్చునని ఉన్నది, ఉప్పు, నేయితో పాటు యాభై పలాల మాంసం కూడా ఉన్నది. శాస్త్రం మనకు లేక కాదు. శాలిహోత్రుని పేరు మీద అశ్వవైద్యమే ఒకటి వెలసింది, తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణశాస్త్రం వ్రాశాడు. శాస్త్రం గ్రంథంలో ఉండడం, గుర్రపుసాలలో ఉండడం ఒకటి కాదు, అంతే.

అదే అర్థశాస్త్రంలోని అశ్వాధ్యక్ష ప్రకరణంలో నాకు మిక్కిలి ఇష్టమైన నియమం మరొకటి. యుద్ధం వలన, వ్యాధి వలన, ముసలితనం వలన పనికిరాకుండా పోయిన గుర్రాలకు గ్రాసం ఇచ్చి పోషించవలెనని కౌటిల్యుడు విధించాడు. వైద్యుని వలన రోగం ముదిరితే చికిత్సకైన వెచ్చానికి రెట్టింపు దండుగ, చనిపోతే దాని వెల కట్టవలెను. “గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు” అని మనవారొక సామెత చెబుతారు. పని చేయక తినేవాణ్ణి వెక్కిరించడానికి వాడతారు. కఠినుడని పేరుబడ్డ ఆ మంత్రి దృష్టిలో అది వెక్కిరింత కాదు, రాజాజ్ఞ.

శాస్త్రం విధించినదాన్ని స్వహస్తంతో చేసి చూపినవాడు భారతంలో కనబడుతాడు. ద్రోణపర్వం, పదునాలుగవ నాటి యుద్ధం. సూర్యాస్తమయంలోగా జయద్రథుణ్ణి చంపుతానని, లేకుంటే అగ్నిప్రవేశం చేస్తానని అర్జునుని ప్రతిజ్ఞ. సూర్యుడు పడమటికి వాలుతున్నాడు, సైంధవుడు ఇంకా దూరంగా ఉన్నాడు. ఒక్క క్షణం కూడా వృథా చేయరాని దినం ఏదైనా ఉంటే అది అదే. అప్పుడు అర్జునుడు, గుర్రాలు బాణాలు తగిలి అలసిపోయాయి, వీటిని విప్పి శల్యాలు తీయమని కృష్ణుణ్ణి కోరాడు. కృష్ణుడు అది తనకూ సమ్మతమే అన్నాడు. ప్రతిజ్ఞను గుర్తుచేయలేదు, కొరడా ఎత్తలేదు.

అర్జునుడు నేల మీద నిలిచి సేననంతటినీ ఒంటరిగా నిలువరించాడు. గుర్రాలు త్రాగడానికి నీరు లేదని కృష్ణుడు చెప్పగా, అస్త్రంతో భూమిని చీల్చి సరస్సు కల్పించాడు, బాణాలతో ఇల్లు కట్టాడు. పరమాత్మ ఆ ఇంటిలోనికి గుర్రాలను నడిపి, తన చేతులతో ఒక్కొక్క బాణాన్నీ పెరికి, ఒళ్ళు తోమి, నడిపించి, నీరు త్రాగించాడు. గాయాలు, వణకు, నోటినురుగు, అలసట అన్నీ పోయిన తరువాతనే మరల రథానికి పూన్చాడు. పార్థసారథి అనే నామాన్ని మనం గీతోపదేశానికే ముడివేసి జపిస్తాము. గీత చెప్పిన నోటితో సమానంగా, ములుకులు తీసిన ఆ చేతులు కూడా ఆ నామంలో ఉన్నాయి. సైంధవం అంటే సంస్కృతంలో గుర్రం కూడా. ఒక సైంధవుణ్ణి చంపక తప్పని నాడు కూడా నాలుగు గుర్రాల దాహాన్ని ఆయన మరువలేదు.

మా తరంవారు విజయనగరంలో రైలు దిగి జట్కా ఎక్కినవారే. ఎక్కేటప్పుడు జట్కావాడితో బేరం ఆడాము గాని, గుర్రం నీళ్ళు త్రాగినదా అని అడిగిన గుర్తు నాకు లేదు. ఆ బండ్లు వీధులలో తిరుగుతున్న కాలంలోనే, 1965లో, భారతప్రభుత్వం బండి లాగే, బరువు మోసే పశువులకు నియమాలు చేసింది. రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించరాదు. విశ్రాంతి లేకుండా ఐదు గంటలు దాటరాదు. ముండ్ల కళ్ళెం కూడదు. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు మించిన చోట మధ్యాహ్నం 12 నుండి 3 వరకు కట్టరాదు. వైశాఖంలో మన ఉత్తరాంధ్రకు ఈ చివరి నియమం ఎంత అవసరమో ఎండలో నిలిచినవారికి తెలుసు. పెళ్ళి ఊరేగింపులకు, సముద్రతీరంలో పిల్లల సవారీలకు నేడు కూడా గుర్రాలను తెస్తూనే ఉన్నారు. అద్దె మాట్లాడుకొనేవారిలో ఎవరైనా ఒకరు ముందు దాని నోటిలోని కళ్ళేన్ని, ప్రక్కన నీళ్ళ బాల్చీని చూడవచ్చు.