గడ మీది ఆట, గుడారంలో ఆట

నెల్లూరు తీరంలో పాతతరం వాళ్ళని సర్కసు గురించి కదిలిస్తే ముందు సింహమూ ఏనుగూ వస్తాయి. తర్వాత జోకరు, రాత్రిపూట ఆకాశంలో గిరగిరా తిరిగి చుట్టుపక్కల ఊళ్ళకు కబురందించే సెర్చిలైటు, గుడారం లోపలి రంపపు పొట్టు వాసన. ఈ జ్ఞాపకాలన్నీ నిజమే, కానీ వాటిలో ఒక ఖాళీ ఉంది. గుడారం దిగకముందే ఈ పల్లెలు మనిషి గాల్లో తేలడం చూశాయి. దొమ్మరులు గడ పాతి ఆడేవాళ్ళు, గంగిరెద్దులవాళ్ళు వాకిట్లోకి వచ్చేవాళ్ళు, ఎలుగుబంటినీ కోతినీ ఆడించేవాళ్ళు వీధి చివర డప్పు మోగించేవాళ్ళు. సర్కసు ఇక్కడ నిలదొక్కుకున్నది వాళ్ళు తయారుచేసి పెట్టిన ప్రేక్షకుల మీదే. అయినా వాళ్ళకు దక్కని మర్యాద సర్కసుకు దక్కింది. ఆ తేడా విద్యలో లేదనీ, టిక్కెట్టులోనూ పర్మిటులోనూ ఉందనీ నా వాదన.

గడ ఆటకు ఆధారాలు చాలా పాతవి. పాల్కురికి సోమనాథుడి పండితారాధ్య చరిత్రలో, శివరాత్రి నాటి శ్రీశైలం సందడి మధ్య గడల మీద ఆడేవాళ్ళు కనిపిస్తారు. తర్వాతి కాలపు పల్లెల్లో ఈ ఆట సాగే తీరు చూడండి. ఊరి నడుమ పొడవాటి గడ పాతి, నాలుగు దిక్కులకూ మోకులు లాగి మేకులకు బిగిస్తారు. మగవాళ్ళు కింద డోలు వాయిస్తూ హాస్యం పలుకుతుంటే ఆడమనిషి పైదాకా ఎగబాకి, గడ కొసన పొట్ట ఆనించి, కాళ్ళూ చేతులూ చాచి చక్రంలా తిరుగుతుంది. సర్కసు ఊయలల కింద వల ఉంటుంది. ఇక్కడ కింద ఉన్నది నేలే. పైగా ఇది ఒట్టి వినోదం కాదు. గడ ఎక్కితే ఊరికి మేలనీ, పంట బాగా పండుతుందనీ రైతులు నమ్మేవాళ్ళు. కొన్ని ఊళ్ళలో ఇందుకోసం దొమ్మరి మాన్యాలే ఉండేవి. ప్రతిఫలం ఎక్కువగా గింజల రూపంలోనో పాతబట్టల రూపంలోనో ముట్టేది.

సర్కసు వేరే దారిన వచ్చింది. గుర్రం గుండ్రంగా పరిగెత్తే బరిని లండన్‌లో ఫిలిప్ ఆస్ట్లీ 1768లో మొదలుపెట్టాడు. ఆ పద్ధతిని విష్ణుపంత్ ఛత్రే అందుకుని 1880లో బొంబాయిలో గ్రేట్ ఇండియన్ సర్కస్ ఆడించాడు. 1901లో తలశ్శేరి దగ్గర కీలేరి కుంజికణ్ణన్ సర్కసు బడి తెరవడంతో దేశమంతటి కంపెనీలకూ మలయాళీ ఆటగాళ్ళు దొరికారు. నెల్లూరు సీమకు దీన్ని చేర్చింది రైలు. 1899లో మద్రాసు–బెజవాడ లైను పూర్తయ్యాక గూడూరు, నెల్లూరు, బిట్రగుంట, కావలి ఒకే దారంలో పూసలయ్యాయి. ఏనుగుల్నీ బోనుల్నీ ఎడ్లబండ్ల మీద ఈడ్చే అవస్థ తప్పింది. కాలం కూడా కలిసి రావాలి. ఇక్కడ పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి, ఆ తుపాను గాలికి ఏ గుడారమూ నిలవదు. పెన్నా డెల్టాలో కోతలు సంక్రాంతి దాటాకే ఊపందుకుంటాయి. నేల ఆరి, చేతిలో నాలుగు డబ్బులు ఆడే ఆ నెలలే గుడారానికీ అదను, గడకూ అదను. ఇద్దరూ ఆశపడ్డది ఒకే కళ్ళం మీది ధాన్యానికి.

ఇక్కడే చట్టం అడ్డుపడింది. 1892లో మద్రాసు పోలీసు అధికారి ముల్లాలీ నేరస్థ వర్గాల గురించి రాసిన పుస్తకంలో దొమ్మరులకూ చోటిచ్చాడు. ఉత్తరాదిన 1871లో పుట్టిన నేరజాతుల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. దాని కింద నమోదైనవాడు ఊరు దాటాలంటే పోలీసులకు చెప్పి కదలాలి. తిరిగితేనే తిండి దొరికే వృత్తికి ఇంతకన్నా పెద్ద దెబ్బ ఏముంటుంది? ఈ చట్టం కిందే, ఈ జిల్లాలోనే, బిట్రగుంట దగ్గర కప్పరాళ్ళతిప్పలో ఎరుకల కుటుంబాల కోసం ఒక సెటిల్మెంటు వెలిసింది. దాన్ని కావలిలోని అమెరికన్ బాప్టిస్టు మిషను నడిపింది. అదే బిట్రగుంట మీదుగా టిక్కెట్టు కొన్న సర్కసువాళ్ళు దర్జాగా తిరగవచ్చు. వాళ్ళూ దేశదిమ్మరులే కదా! కాకపోతే వాళ్ళకు కంపెనీ పేరుంది, స్థలానికి అద్దె కట్టిన రసీదుంది, అధికారుల కుటుంబాల కోసం ముందువరస కుర్చీలున్నాయి. నేరజాతుల చట్టం దేశమంతటా 1952లో రద్దయింది గానీ ఆ చూపు అంత తొందరగా పోలేదు. ఊయల మీది అమ్మాయిని మెచ్చుకున్న నోళ్ళే గడ ఎక్కిన ఆమె కులం పేరును తిట్టుగా వాడాయి.

దీనికి కొన్ని అభ్యంతరాలు రావచ్చు. చట్టం పట్టుకున్నది దొంగతనాన్నే గాని ఆటను కాదు కదా అంటారు. కానీ అది మనిషి చేసిన పనిని బట్టి కాక పుట్టుకను బట్టి జాబితా రాసుకుంది. పల్టీ కొట్టే పిల్లకు ఆ జాబితా నుంచి మినహాయింపు లేదు. సర్కసు ఆడినవాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారుగా, కోడి రామమూర్తి నాయుడు సొంత కంపెనీతో దేశాలు తిరిగి రొమ్ము మీద ఏనుగును ఎక్కించుకున్నాడుగా అనేది మరో మాట. నిజమే, అయితే వీరఘట్టం నుంచి వచ్చిన ఆ మల్లుడు తాలింఖానాలో, వ్యాయామ విద్యలో ఆరితేరినవాడు. కుంజికణ్ణన్ బడిది కూడా కళరి, జిమ్నాస్టిక్సు వరసే. గుడారం తలుపులు సాము చేసిన ఒంటికి తెరుచుకున్నాయి, సంచార కులానికి కాదు.

అన్నింటికన్నా గట్టి అభ్యంతరం జంతువుల గురించి. జనం డబ్బిచ్చింది సింహానికే, దొమ్మరి దగ్గర సింహమెక్కడిది? ఈ మాటలో బలం ఉంది. 1998 అక్టోబరులో కేంద్రం ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహం ఆటల్ని నిషేధించింది. 2001లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించాక గుడారాలు వెలవెలబోయాయి. కాబట్టి మనిషి విద్య ఒక్కటే సర్కసును మోయలేదని ఒప్పుకోవాలి. దెబ్బ అక్కడితో ఆగలేదు. 2011 ఏప్రిల్‌లో సర్కసుల్లో పిల్లల్ని పనిలో పెట్టడాన్ని నిషేధించమని అదే కోర్టు ఆదేశించింది. ఆ ఆదేశం న్యాయమైనదే. కానీ వెన్ను వంచే విద్య చిన్నతనంలోనే పట్టుబడుతుంది కాబట్టి అది కంపెనీల వేళ్ళను తాకింది. పిల్లల్ని కాపాడినందుకు సర్కసు పోయిందని వాపోవడం నాకు సమ్మతం కాదు.

అయితే జంతువుల నిషేధంలోనూ పాత తేడా కనిపిస్తుంది. గుడారాల నుంచి వచ్చిన సింహాలకూ పులులకూ తిరుపతి శ్రీవేంకటేశ్వర జంతుప్రదర్శనశాల దగ్గర సంరక్షణ కేంద్రం పెట్టారు. నిషేధపు ఉత్తర్వు మీద మొదట కేరళ హైకోర్టులో, ఆ తర్వాత సుప్రీంకోర్టులో వాదించినవాళ్ళు సర్కసు పక్షంవాళ్ళు. ఎలుగుబంటీ కోతీ పేర్లు కూడా అదే జాబితాలో ఉన్నాయి. వాటి తాడు పట్టుకుని నెల్లూరు పల్లెల్లో తిరిగినవాడి జీవనం కూడా అదే ఉత్తర్వు కిందికి వచ్చింది.